ఇంజనుకి ఊదుగొట్టం... మరి బ్రేకుల మాటేమిటి?

మీ ఇంట్లో కారు ఎవరి పేరు మీద ఉంది? ఒకసారి బీరువాలోంచి ఆర్సీ తీసి చూడండి. లోను కోసమనో, మామగారు పోయాక పేరు మార్చాల్సి వచ్చిందనో చాలా ఇళ్లలో బండి ఇల్లాలి పేరు మీదే ఉంటుంది. తాళంచెవి మాత్రం ఇంకొకరి జేబులో ఉంటుంది! అలాంటి కారుకి పాత ఇంజను పీకించి టర్బో ఇంజను వేయిద్దామని అబ్బాయి అడిగాడనుకోండి. "మీ నాన్ననడుగు" అని తప్పించుకోవడానికి వీల్లేదు. చట్టం దృష్టిలో ఓనరు మీరే. జవాబు చెప్పాల్సిందీ మీరే.

చీరకి ఫాల్ కుట్టించడానికి కూడా పది ప్రశ్నలు వేసే మనం, లక్షల్లో ఖర్చయ్యే ఈ పనికి మాత్రం "మనకేం తెలుస్తుందిలే" అని తలూపేస్తాం. తెలుసుకుంటే ఎందుకు తెలియదు?

అప్పటి లెక్క వేరు

ఇంజను మార్చడం మనవాళ్లకి కొత్తేం కాదు. పెట్రోలు కన్నా డీజిలు బాగా చవకగా ఉన్న 1980, 90 దశకాల్లో ఎంతోమంది అంబాసిడర్లలోంచి పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను వేయించుకున్నారు. అదంతా సంసారపు లెక్క. కిలోమీటరుకి ఎన్ని పైసలు మిగులుతాయన్నదే ప్రశ్న. 2010లో పెట్రోలు ధర మీద, 2014లో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగింది. రెండింటి మధ్య తేడా తగ్గింది. అదే 2014లో అంబాసిడర్ల తయారీ కూడా ఆగిపోయింది.

ఇప్పటి కుర్రాళ్లకి కావలసింది పైసలు కాదు, పికప్. తాతగారి బండి రూపం అలాగే ఉండాలి, ఉరుకు మాత్రం కొత్త బండిలా ఉండాలి! రాణిగంజ్ లాంటి విడిభాగాల బజారు ఉన్న సికింద్రాబాద్‌లో ఆ ముచ్చట పుట్టడం వింతేమీ కాదు.

టర్బో అంటే ఏమిటి?

కట్టెల పొయ్యి గుర్తుందా? మంట మందగిస్తే ఊదుగొట్టంతో ఊదేవాళ్లం. గాలి తగలగానే భగ్గుమనేది. టర్బో చేసేదీ అంతే. ఇంజనులోకి ఎక్కువ గాలిని ఊదుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనం మండించొచ్చు, బలం పెరుగుతుంది. మరి ఊదేదెవరు? ఇంజను వదిలే పొగే! బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని లోపలికి నెడుతుంది. 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి ఈ ఆలోచనకి పేటెంటు తీసుకున్నాడు.

మనం టైర్లలో 30 పాయింట్ల గాలి పెట్టిస్తాం కదా. టర్బో 7 పాయింట్ల ఒత్తిడితో ఊదితే చాలు, అది మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో సగం. అంటే సిలిండరులోకి ఇంచుమించు ఒకటిన్నర రెట్ల గాలి దూరుతుంది. అయితే సైకిలు పంపు కొడుతుంటే అడుగున వేడెక్కుతుంది చూడండి, అలాగే ఒత్తిన గాలి కాగుతుంది. కాగిన గాలి పలచబడుతుంది. దాన్ని చల్లబరిచేందుకే ఇంటర్‌కూలర్ అనే జల్లెడలాంటి పెట్టె పెడతారు.

ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతాయి. వాటిని కాపాడేది శుభ్రమైన ఆయిలు ఒక్కటే. అందుకే మామూలు బండికి ఆయిలు మార్చడంలో వారం ఆలస్యమైతే చెల్లిపోవచ్చుగానీ, టర్బో బండికి చెల్లదు. దూరం తోలి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఇంజనుని నిదానంగా తిరగనిచ్చి ఆపాలి.

ఇంకో సంగతి. పాత ఇంజనుకి టర్బో తగిలించడం వేరు, టర్బోతోనే పుట్టిన ఇంజను మొత్తం తెచ్చి వేయడం వేరు. మొదటిదానిలో పిస్టన్లు, గాస్కెట్లు ఆ ఒత్తిడికి తయారైనవి కావు. ఆశపడి ఊదితే పగిలేది అవే.

ఏది ముందు, ఏది వెనక?

నిజమైన చిక్కంతా ఇక్కడే ఉంది. అబ్బాయిలు రాసుకునే జాబితాలో టర్బో మొదట, బ్రేకులు చివర ఉంటాయి. దాన్ని తలకిందులు చేయాలి.

మొదట బ్రేకులు. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపడానికీ, 90లో ఉన్నదాన్ని ఆపడానికీ తేడా ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు! వేగంలోని శక్తి అలా పెరుగుతుంది. పాత అంబాసిడర్లకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. పదే పదే తొక్కితే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. రాజీవ్ రహదారి ఎక్కాక ఆ సంగతి తెలిస్తే ఏం లాభం?

తర్వాత టైర్లు, స్టీరింగు, సస్పెన్షను. ఆ తర్వాత రేడియేటరు, ఫ్యాను. అటుపైన క్లచ్చి, గేరుబాక్సు. ఇంజను బలం పెరిగితే ఆ భారం మోయాల్సింది ఇవే. ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు మిగిలితే టర్బో గురించి ఆలోచించాలి. చాలా ఇళ్లలో అక్కడికి వచ్చేసరికే సంచి ఖాళీ!

అసలు ప్యారడైజ్ నుంచి ప్యాట్నీ దాకా సాయంకాలం ట్రాఫిక్‌లో ఆ బలం వాడుకునే చోటెక్కడుంది?

సంతకం ఎవరిది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ తయారుచేసినప్పటి ప్రాథమిక లక్షణాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాట తేల్చి చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి సవరణ వచ్చింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. గమనించండి, యజమానికి! బండి తోలే అబ్బాయికి అని కాదు. అరిగిపోయిన ఇంజను స్థానంలో అదే రకం ఇంజను వేయించాలన్నా ముందుగా అనుమతి తీసుకుని, కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి.

ఇన్సూరెన్సు సంగతి ఇంకా పెద్దది. ఆర్సీలో ఒక ఇంజను నంబరు, బండిలో ఇంకో నంబరు ఉంటే, ప్రమాదం జరిగిన రోజున కంపెనీవాళ్లు వెంటనే డబ్బిస్తారా? ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ పరిహారం మన నెత్తిన పడొచ్చు. దానికి ఇల్లే అమ్ముకోవాల్సి రావచ్చు.

మారేడుపల్లిలో నాకు తెలిసిన ఒకావిడకి ఈ పరీక్షే వచ్చింది. ఆర్సీ ఆమె పేరు మీద ఉంది. ఇంజను కోసం కొడుకు అడిగిన డబ్బు కూతురి పీజీ ఫీజుకని దాచింది. ఆవిడ కోప్పడలేదు. "బ్రేకుల నుంచి మొదలుపెట్టి అన్నిటికీ కొటేషను రాయించుకురా. ఆర్టీవో ఆఫీసులో అనుమతి కాగితం తీసుకురా. రెండూ తెస్తే సంతకం పెడతా" అంది. వారం తిరిగాక కొటేషను వచ్చింది, అనుమతి రాలేదు. చివరికి పాత ఇంజనుకే బోరు చేయించి, బ్రేకులకి కొత్త లైనింగులు, రేడియేటరు, టైర్లు వేయించారు. కొడుకు కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడట. కూతురి ఫీజు మాత్రం గడువులోగా కట్టేశారు.

మెకానిక్‌ని ఇవి అడగండి

* ఈ ఇంజను ఏ బండిది? దాని కాగితాలు, అమ్మిన బిల్లు ఉన్నాయా?
* బ్రేకులు, రేడియేటరు, క్లచ్చి ఖర్చు ఈ అంకెలో కలిసిందా, విడిగానా?
* ఆర్టీవో అనుమతి పని మొదలుపెట్టకముందే వస్తుందా?
* రేపు పాడైతే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ఎవరు బాగు చేస్తారు?

వీటికి తడుముకోకుండా జవాబులు వచ్చి, అనుమతి కాగితం చేతికి అందితేనే సంతకం గురించి ఆలోచించండి. అంతదాకా ఆర్సీ బీరువాలోనే ఉండనివ్వండి. పిల్లల సరదాని కాదనక్కర్లేదు. దానికి లెక్క అడగడం మాత్రం తల్లిగానే కాదు, ఓనరుగా కూడా మన హక్కు.