నార్నియా కథయు క్రైస్తవ గీతములును

సి. ఎస్. లూయిస్ 1950లో ప్రకటించిన నార్నియా కథలో ఎడ్మండ్ అను బాలుడు తోబుట్టువులకు ద్రోహము చేయును. వానికి బదులుగా అస్లాన్ అను సింహము ప్రాణమిచ్చి, మరల లేచును. యేసు నామ మెచ్చటను లేదు. అయినను భావము విశ్వాసులకు తెలియకపోదు.

అమెరికాలో ఇద్దరు అక్కలును తమ్ముడును గల ‘సెకండ్ చాప్టర్ ఆఫ్ యాక్ట్స్’ బృందము 1980లో ఈ కథను వరుసగా పాటలలో వెలువరించినది. ఎడ్మండును వంచించిన మిఠాయికి సైతము ఒక పాట కలదు. ద్రోహము ముందే వినబడుట చేత సింహము మరణము హృదయమును తాకును.

2005లో కథ చలనచిత్రమైనప్పుడు స్టీవెన్ కర్టిస్ చాప్మన్, జార్స్ ఆఫ్ క్లే మున్నగువారు విడివిడి గీతములు కూర్చిరి. మ్రోత మిక్కుటమని పెద్దలు సణుగుదురు, నాకు వినుటకింపే. కాని కథ నెరుగని బాలునికి అవి వట్టి ధైర్యగీతములుగా తోచవచ్చును. అందుచేత మా తరగతిలో కథ ముగిసిన పిమ్మటనే వాటిని వినిపించుచున్నాను.