కొరియా అమ్మాయిలూ... మన అమ్మాయిలూ

1998లో సేరీ పాక్ అమెరికా మహిళల ఓపెన్ గోల్ఫ్ గెలిచింది. అది చూసి కొరియాలో ఎందరో ఆడపిల్లలు ఆటలోకొచ్చారు. వాళ్ళలో ఇన్బీ పార్క్ 2016 రియో ఒలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టింది. "తల్లిదండ్రులు పిల్లల్ని రాచిరంపాన పెడతారట!" అని పెదవి విరిచేవారున్నారు. నాకైతే అదొక్కటే కారణమనిపించదు. అదే రియోలో వెండి పతకం తెచ్చిన మన సింధునే చూడండి. అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళే. ఆటకి ఎంత పెట్టాలో తెలిసిన ఇల్లది.

మరి మనం? అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుకి అడిగినంతా కడతాం. పదో తరగతి రాగానే అమ్మాయి రాకెట్ అటకెక్కుతుంది. అబ్బాయి బ్యాటు మాత్రం గుమ్మం పక్కనే! కాదూ కూడదని పిల్ల పట్టుబడితే, తెల్లారకుండానే పంజాగుట్ట దాటించి గచ్చిబౌలి గోపీచంద్ అకాడమీకి రోజూ దింపేదెవరన్న దగ్గర ఇంట్లో అందరూ మాట మారుస్తారు.