బరువు తగ్గుటకు ఆపరేషన్ అయినవారి మెత్తని భోజనము

పడుగును వీథిలో చాచి గంజి పట్టించునపుడు గంజి ఎంత పలుచగా నుండవలెనో, కుంచె ఎన్నిమారులు దువ్వవలెనో మన ఇండ్లలో ఒకరు చెప్పనక్కరలేదు. పడుగుకు బలమిచ్చు గంజియే మనిషికిని బలమని మన పెద్దల నమ్మకము. జ్వరము తగ్గినవానికి గంజి, ఆసుపత్రినుండి వచ్చినవానికి గంజి. ఆ నమ్మకము మా అక్కయ్యగారి ఇంట ఎంతపని చేసినదో చెప్పి, అట్టిది మరియొక ఇంట జరుగకుండ చూచుటకే ఇది వ్రాయుచున్నాను.

మా బావగారిది సేలము. నలుబదియెనిమిదేండ్ల వయస్సు; అందులో ముప్పది యేండ్లు గుంట మగ్గముమీదనే గడచినవి. బరువు నూట యిరువది కిలోలు దాటినది. చక్కెర వ్యాధి ముదిరినది. మోకాళ్లు సహకరింపక గుంటలో దిగుటయే గండమైనది. కుమారుని ఉద్యోగముద్వారా లభించిన బీమాతో ఆపరేషన్ జరిగినది. ఈ మాట వినగానే “తిండి తగ్గించుకోలేక కోయించుకున్నాడు” అని నవ్వినవారు మనలోనే ఉన్నారు. అది తెలియని మాట. చక్కెర వ్యాధిని అదుపులో పెట్టుటకు ఈ చికిత్స చాలమందికి తోడ్పడుచున్నది. అమెరికా శస్త్రవైద్యుల సంఘమును, అంతర్జాతీయ సమాఖ్యయు కలిసి 2022లో వెలువరించిన సూచనలలో, ఆసియా ప్రజల విషయమున ఇతరులకంటె తక్కువ బరువుననే దీనిని ఆలోచింపవచ్చునని చెప్పియున్నారు.

ఇందులో రెండు పద్ధతులు ముఖ్యమైనవి. ఒకదానిలో జీర్ణకోశము నాలుగింట మూడు పాళ్లవరకు కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టముగా చేయుదురు. చొక్కాచేతివలె నుండుటచే దానికి ‘స్లీవ్’ అని పేరు. బావగారికి చేసినది ఇదే. రెండవది ‘బైపాస్’, కోడిగ్రుడ్డంత సంచిని మాత్రము మిగిల్చి దానిని నేరుగా ప్రేగుకు కలుపుదురు. దీని తొలిరూపమును 1966లో అయోవా విశ్వవిద్యాలయములో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు ప్రారంభించెను.

ఆపరేషన్ అయిన వెంటనే కొద్దిగా నీరు, తేటనీటివంటి ద్రవములు. తరువాత సుమారు రెండు వారములవరకు పాలు, మజ్జిగవంటివి. ఆపై మెత్తగా రుబ్బిన గుజ్జు. నాలుగైదు వారములు గడచిన పిమ్మట చెంచాతో నొక్కిన నలిగిపోవు మెత్తని ఆహారము. రెండు మాసములు నిండునప్పటికి చాలమంది మామూలు భోజనమునకు వత్తురు. ఆసుపత్రిని బట్టి ఈ లెక్కలు కొంచెము మారును. ఎవరి వైద్యుడు వ్రాసియిచ్చిన కాగితము వారికి ప్రమాణము.

ఆ కాగితము అక్కయ్య ఇంటను గోడకు అంటించియే ఉన్నది. కాని ‘మెత్తని’ అను ఒక్కమాటనే ఆమె పట్టుకొన్నది. ఉదయము గంజి, మధ్యాహ్నము పిసికిన చారన్నము, రాత్రి మరల గంజి. గ్రుడ్డు వేడి అని మానిపించినది. పప్పు వాతమని దాచినది. పైగా ప్రతి పూటా “ఇంకొక్క ముద్ద, నా మాట కోసం” అని బ్రతిమాలుట. ఆ ముద్దతోనే వాంతి. ఐదవ వారమునుండి రెండు వారములపాటు రోజూ వాంతులే. మ్రింగిన విటమిను మాత్రలును అందులోనే పోయినవి. “కొత్త కడుపు గదా, అలవాటు పడాలి” అని అందరును సరిపెట్టుకొనిరి. నేను వెళ్లి రెండు రోజులుండి వచ్చితిని; నేనును అదే అన్నాను.

ఏడవ వారమున ఆయన ఊరక కూర్చుండి చూతమని గుంటలో దిగినాడు. కాలు కదలినది, కాని, “తొక్కుడు చెక్క కాలికి తగులుతున్నట్టే తెలియడం లేదే” అన్నాడట. నేతగానికి అంతకంటె భయంకరమైన మాట ఏమున్నది!

వీథి చివరి వైద్యుని వద్ద గ్లూకోజు సీసా ఎక్కించుటకు సిద్ధపడిరి. అదృష్టవశమున మేనల్లుడు అడ్డుపడి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకొనిపోయినాడు. థయామిన్, అనగా బి1 విటమిను, శరీరములో కొన్ని వారములకు మించి నిలువయుండదు. తిన్నది నిలువక, తినునది తెల్లబియ్యపు గంజియే అయినపుడు అది అడుగంటును, నరములు దెబ్బతినును. అట్టి స్థితిలో ఆ విటమిను ఇయ్యకయే గ్లూకోజు ఎక్కించినచో మెదడుకే ముప్పు రావచ్చును. సూదిమందులు ఇచ్చిన పిమ్మట కాళ్లకు స్పర్శ మెల్లమెల్లగా, కొన్ని మాసములకు గాని తిరిగి రాలేదు. వాంతులు రెండుమూడు రోజులు విడువకున్నను, అరికాళ్లు తిమ్మిరెక్కినను, చూపు చెదరినను ఆపరేషన్ చేసినవారికి వెంటనే తెలుపవలెను. పండుగ వెళ్లనిమ్మని ఆగరాదు.

గంజిలో ఉన్నది దాదాపు పిండిపదార్థమే. పుండు మానుటకును, కండ కరగకుండుటకును కావలసినవి మాంసకృత్తులు. సాధారణముగా రోజుకు 60 మొదలు 80 గ్రాములు అని చెప్పుదురు. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 మిల్లీలీటర్ల పాలలో 3 గ్రాములు మాత్రమే ఉండును. కడుపులో పట్టునది కాఫీ గిన్నెడైనా లేనపుడు ఆ చోటును చారన్నముతో నింపుట ఎంత నష్టమో ఇల్లాండ్రే లెక్కవేసుకొనవచ్చును. కనుక ముందు గ్రుడ్డో, చిక్కని పెసరపప్పో, పెరుగో, నలిపిన పనీరో. తరువాత ఉడికిన సొరకాయ, గుమ్మడి. చోటు మిగిలిన అన్నము. యానాము వంటి చోట్ల ముల్లు తీసి ఉడికించిన చేప చక్కగా సరిపోవును. ఇడ్లీని పప్పులో నానబెట్టి నలిపి తినవచ్చును. షోలాపురమువారి గట్టి జొన్నరొట్టె, మునగకాయ పీచు, నారగల మాంసము తరువాతి మాట. కన్నడదేశములో స్థిరపడిన మనవారికి రాగిముద్దను నమలక మ్రింగుట అలవాటు. ఈ ఆపరేషన్ అయినవారు దేనినీ అట్లు మ్రింగరాదు. రెండు చెంచాల తిండియైనను ఇరువది ముప్పది నిమిషములు నమలుచు తినవలెను. భోజనము నడుమ నీరు త్రాగరాదు. అరగంట ఆగి గుక్కగుక్కగా త్రాగవలెను. పాయసము, బెల్లపు పానకము వంటివి, ముఖ్యముగా బైపాస్ అయినవారికి, చెమట, గుండెదడ, విరేచనములు తెచ్చును.

నడుమునొప్పికి మందుల దుకాణములో అడిగి మాత్ర వేసికొనుట మనవారికి నిత్యకృత్యము. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటివి ఈ కడుపులో పుండ్లు పుట్టించును, వైద్యునడుగక ముట్టరాదు. బి12, ఇనుము, కాల్షియము, డి విటమిను మాత్రలు మాత్రము బరువు తగ్గిన తరువాతను జీవితాంతము సాగవలసినవే.

బావగారిప్పుడు పూటకు రెండు గంటలు నేయుచున్నాడు. మధ్యాహ్నము ఒంటిగంటకు ఆగిన మగ్గము ఒంటిగంటన్నర దాటినగాని మరల మ్రోగదు. చిన్నపిల్లల చెంచాతో ఆయన భోజనము అంతసేపు సాగును. అక్కయ్య ప్రక్కనే కూర్చుండి కండెలు చుట్టును. గిన్నెలో మిగిలినదానివంక ఒకమారు చూచును గాని, “ఇంకొక్క ముద్ద” అనుట లేదు.