కలివికోడి – ఎర్రచందనం

కడప జిల్లాలోని లంకమల ప్రాంతంలో రెండు అరుదైన జీవులు ఉన్నవి. ఒకటి చెట్టు, రెండవది పక్షి. పేర్లనుబట్టి వీటి చుట్టరికం నిర్ణయిస్తే పొరపాటు పడతాము.

ఎర్రచందనం పేరుకు చందనమే కాని, మంచిగంధపు చెట్టుకు చుట్టం కాదు. పువ్వును, కాయను పరీక్షించి శాస్త్రజ్ఞులు దీనిని కంది, చిక్కుడు మొదలైన వాటితోపాటు ఫాబేసీ కుటుంబంలో చేర్చారు. దీని శాస్త్రీయనామం టెరోకార్పస్ శాంటాలినస్. టెరోకార్పస్ అనగా రెక్కగల కాయ అని అర్థం.

అట్లే కలివికోడి కోళ్ళ కుటుంబానికి చెందదు. ఇది గ్లారియోలిడే కుటుంబంలోని పక్షి. పొలాల్లో అరిచే తీతువు ఏ క్రమంలో ఉన్నదో ఇదీ ఆ క్రమంలోనిదే. దీని పేరు రైనోప్టిలస్ బైటార్క్వేటస్, అనగా రెండు పట్టెడలు గలది. రొమ్ముపై రెండు గోధుమరంగు పట్టీలుండుటచే ఆ పేరు వచ్చినది.

ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణభాగంలో, శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల కొండల రాతినేలల్లో పెరుగుతుంది. కలివికోడి కొండల దిగువనున్న చిట్టడవిలో రాత్రివేళ సంచరిస్తుంది. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు సుమారు 300 నుండి 700 వరకు ఉన్నచోటు దానికి అనుకూలమని పరిశోధనల్లో తేలినది. పొదలు మరీ పలచబడినా, మరీ దట్టమైనా అది నిలువదు.

ఈ పక్షి 1900 తరువాత చాలాకాలం కనబడలేదు. అంతరించినదనుకున్నారు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు స్థానికుల సాయంతో దానిని తిరిగి కనుగొన్నారు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం కలివికోడిని 'అత్యంత ప్రమాదస్థితి'లోను, ఎర్రచందనాన్ని దానికంటె ఒక మెట్టు తక్కువైన 'ప్రమాదస్థితి'లోను చేర్చినది.

ఇద్దరి కష్టాలకు కారణం ఒకటి కాదు. ఎర్రచందనపు చేవకు విలువ ఎక్కువ. కనుక దొంగలు నరుకుతున్నారు. నెమ్మదిగా పెరిగే చెట్టు గనుక ఆ లోటు త్వరగా తీరదు. కలివికోడిని కోరేవారు లేరు. కాని అది నివసించే చిట్టడవిని పనికిరాని బీడుగా ఎంచి సాగుకు, కాలువలకు, వంటచెరకుకు వాడుకుంటారు. కనుక చెట్టుకు కావలి, విదేశవాణిజ్యంపై నియంత్రణ అవసరం. పక్షికి కావలసినది పొదలు తగుపాళ్ళలో నిలిచిన నేల. బీడు అనుకున్న నేలలో ఏ ప్రాణులున్నవో ముందుగా విచారించిన తరువాతనే దానిని దున్నాలో, వదలాలో నిర్ణయించాలి.