రొమ్ము క్యాన్సరు ప్రాకు విధము



మా సికింద్రాబాదులో, బేగంపేటయందు, రొనాల్డ్ రాస్ పేరిట నొక కట్టడము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన ఆ సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచినది సికింద్రాబాదుననే. లోకము లెక్కసేయని యల్పవస్తువు మహావ్యాధికి మూలమగుట అందువలన తెలిసినది. రొమ్ము క్యాన్సరు దోమవలన గాని అంటువలన గాని వచ్చునది కాదు. అయినను అందులోను అట్టి యల్పవస్తువు లున్నవని నేడు తెలియవచ్చుచున్నది.

మన దేహకణములయందు డి.ఎన్.ఏ. అను మూల దస్త్రము కలదు. కరణము అసలు దస్త్రమును కదల్పక నకలు వ్రాసి యిచ్చునట్లు, కణము దానినుండి ఆర్.ఎన్.ఏ. అను నకళ్లను తీయును. కొన్ని నకళ్లను బట్టి మాంసకృత్తులు తయారగును. దస్త్రములో వాని వివరము నూటికి రెండు పాళ్లకు మించదు. తక్కిన భాగము వట్టిదని శాస్త్రజ్ఞులు చిరకాలము తలచిరి. కాని అందుండి వెలువడు నకళ్లలో కొన్ని ఆజ్ఞాపత్రములవంటివి. అవి ఏ వస్తువును పుట్టింపవు. దస్త్రములో ఏ పుట తెరువవలెనో, ఏది మూయవలెనో నిర్ణయించును.

రొమ్ములోని గడ్డ అచ్చటనే యున్నంతకాలము ప్రాణభయము తక్కువ. అది ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయమునకు, మెదడునకు ప్రాకుటయే ప్రాణాంతకము. ఇందు ‘హోటెయిర్’ అను ఆజ్ఞాపత్రమునకు పాలుకలదని 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందు హోవర్డ్ చాంగ్ బృందము చూపెను. అది మితిమీరినపుడు కణమును కట్టడిలో నుంచు పుటలు మూతపడును. కణము చోటు వీడి సంచరించును. అన్ని పత్రములును కీడు చేయునవి కావు. ‘మాలాట్-1’ అనునది వ్యాధి ప్రాకుటకు తోడ్పడునని మొదట తలచిరి. చిట్టెలుకలలో అది ఆ ప్రాకుటను అడ్డగించుచున్నదని 2018లో వేరొక పరిశోధన తెల్పెను. కావున ఈ జ్ఞానము ఇంకను రొమ్ము క్యాన్సరుకు మందుగా పరిణమింపలేదు.

అంతవరకు మనమేమి చేయవలెను? మా పెదతల్లి రొమ్ములోని గడ్డను, నొప్పి లేదుగదా యని, చెప్పుటకు సిగ్గుపడి, సంవత్సరము దాచెను. మాకు తెలియునప్పటికి వ్యాధి ఎముకలకు ప్రాకియుండెను. నొప్పి లేకుండుట క్షేమమునకు గుర్తు కాదు. గడ్డ గాని, చర్మము లోనికి గుంజుట గాని, చనుమొననుండి నెత్తురు గాని కనబడినచో వెంటనే వైద్యునికి చూపవలెను.

పెద్దలారా! ఇంట మీ మాట చెల్లును. ‘దాచవద్దమ్మా’ అని మీరొక్కమాట యన్నచో ఆడుబిడ్డలు సిగ్గు విడుతురు. కణములోని ఆజ్ఞను ఆపు విద్య ఇంకను పట్టుబడలేదు. గడ్డ చోటు వీడకమునుపే చికిత్సకు పోవుట మాత్రము నేడే మన చేతిలో నున్నది.