రొమ్ము క్యాన్సర్ ఎముకలకే ఎందుకు పోతుంది? కీమోకైన్ల సంగతి

తిరుపతి చుట్టుపక్కల ఊర్లకు క్యాన్సర్ గురించి మాట్లాడటానికి పోయినప్పుడు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "సార్, రొమ్ములో గడ్డ తీసేశారు కదా, మళ్లీ నడుము ఎముకలో యాడి నుంచి వచ్చింది? సూది పెట్టి కెలికినందుకేనా?" ఈ అనుమానంతోనే కొందరు బయాప్సీని నెలల తరబడి వాయిదా వేస్తారు. అందుకే ఈరోజు ఈ టాపిక్.

1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లీషు సర్జన్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది రికార్డులు చూశాడు. జబ్బు ఒళ్లంతా సమానంగా పాకలేదు. కొన్ని అవయవాలనే ఎంచుకున్నట్టు కనబడింది. విత్తనం ఎక్కడ పడినా అనువైన నేలలోనే మొలుస్తుంది అన్నాడు. శనక్కాయ వేసే మన రైతులకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

మరి ఆ నేల విత్తనాన్ని ఎట్లా పిలుస్తుంది? ఇక్కడే కీమోకైన్లు వస్తాయి. పేరులో కీమో ఉందని కీమోథెరపీ అనుకోకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇవి మన ఒంట్లోనే తయారయ్యే చిన్న ప్రోటీన్లు. పక్క వీధిలో గారెలు వేయిస్తుంటే వాసన ఎటు ఎక్కువైతే అటు నడుస్తాం చూడండి, తెల్ల రక్తకణాలు కూడా అట్లానే కీమోకైన్ ఎక్కువ ఉన్న వైపు కదులుతాయి. వాసన పట్టే ముక్కు లాంటిది కణం మీద ఉండే రిసెప్టర్. కీమోకైన్ వచ్చి దానికి తగులుకోగానే కణం లోపల సిగ్నల్ మొదలై, ఆ వైపుకు కణం సాగి కదులుతుంది.

2001లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఏం చూపించిందంటే, రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 అనే ముక్కు బాగా ఎక్కువ. దానికి సరిపోయే వాసన, సీఎక్స్‌సీఎల్12, ఎముక మజ్జలో, ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫ్ గ్రంథుల్లో దండిగా ఉంటుంది. ఇదొక్కటే కారణం అనను గానీ, పెద్ద కారణాల్లో ఒకటి. ఎముకకు దారి చూపేది సూది కాదన్నమాట.

అయితే ఆ ముక్కు మూసేస్తే సరిపోదా? అంత సులభం కాదు. అదే దారిలో మన రక్షణ కణాలూ తిరుగుతాయి. కొన్ని కీమోకైన్లు గడ్డను చంపే టీ కణాలను పిలుస్తాయి, ఇంకొన్ని ఆ టీ కణాలను అణిచేవాటిని పిలుస్తాయి. ఏది ఆపాలో తెలియకుండా ఆపితే నష్టం మనకే.

సీఎక్స్‌సీఆర్4ను అడ్డుకునే ప్లెరిక్సాఫోర్ మందుకు 2008లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ తమాషా ఏమంటే, అది క్యాన్సర్ పాకకుండా ఆపడానికి కాదు! మజ్జను అంటిపెట్టుకున్న మూలకణాలను రక్తంలోకి వదిలించి, వాటిని సేకరించి మైలోమా, లింఫోమా రోగులకు మార్పిడి చేయడానికి. నేరుగా క్యాన్సర్ కణం మీదే పనిచేసేది మోగములిజుమాబ్. సీసీఆర్4 రిసెప్టర్‌ను పట్టుకునే ఈ మందు జపాన్‌లో 2012లో వచ్చింది, కొన్ని టీ కణ క్యాన్సర్లకు వాడతారు. రొమ్ము క్యాన్సర్‌కు మాత్రం ఇట్లాంటి మందు ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు.

కాబట్టి గడ్డ చేతికి తగిలితే బయాప్సీకి వెనకాడొద్దు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2022లో మొదలైన టాటా ట్రస్ట్స్ వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రీ ఉంది. ఇప్పటికే రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం అయిపోయినవాళ్లు, తగ్గని నడుము నొప్పి వస్తే వయసు నొప్పిలే అని ఊరుకోకుండా డాక్టరుకు పాత జబ్బు సంగతి ముందుగా చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో టీ కణాల గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ.