భట్టిప్రోలు ధాతువు - బుద్ధుని బోధ

దశావతారాలను స్మరించేటప్పుడు కొందరు బుద్ధుని పేరు చెబుతారు. మరికొందరు ఆ స్థానంలో బలరాముని చెబుతారు. బుద్ధుని విష్ణ్వంశగా భావించి నమస్కరించడం మన సంప్రదాయంలో ఉన్నదే. అయితే ఆ మహనీయుడు ఏమి బోధించాడో తెలుసుకోకుండా నమస్కారంతో సరిపెట్టుకోవడం ఉచితం కాదు. చీరాల ప్రాంతంవారికి అది బొత్తిగా తగదు. ఆయన ధర్మం ఇక్కడికి పరాయిది కాదు. బాపట్ల జిల్లాలోనే, తెనాలి - రేపల్లె రైలు మార్గంలో ఉన్న భట్టిప్రోలు అందుకు సాక్షి.

1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపాన్ని తవ్వించినప్పుడు మూడు శిలా మంజూషికలు, వాటిలో ధాతువును భద్రపరచిన స్ఫటిక భరిణ వెలుగు చూశాయి. మంజూషికలపై ప్రాచీన బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనాలున్నాయి. బ్యూలర్ పండితుడు వాటిని చదివి ప్రకటించాడు. కుబీరకుడనే రాజు పేరు అందులో కనబడుతుంది. అంతకంటె ఆసక్తికరమైనది దాతల పట్టిక. కుర అనే వ్యక్తి, అతని తల్లిదండ్రులు, శివ అనే పేరు గలవారు కలిసి బుద్ధుని శరీరధాతువుకై మంజూషికను, స్ఫటిక భరిణను సమర్పించారు. గోష్ఠి సభ్యులు, నిగమ సభ్యులు కూడ దాతలే. శివనామధారి బుద్ధధాతువును నిక్షేపించిన నేల మనది. ఆ ధాతువు 1920 నుండి కలకత్తాలోని మహాబోధి సొసైటీ విహారంలో పూజలందుకుంటున్నది.

సిద్ధార్థుడు బుద్ధుడైన విధం

శాక్య వంశీయుడైన శుద్ధోదనునికి, మాయాదేవికి లుంబినీ వనంలో సిద్ధార్థుడు జన్మించాడు. క్రీస్తుపూర్వం 6 - 5 శతాబ్దాల నాటి మాట అది. ముసలితనం, వ్యాధి, మృత్యువు ఎవరినీ విడువవని గ్రహించి, 29వ ఏట గృహం విడిచాడు. ఆరేళ్లు తీవ్రతపస్సు చేసి దేహాన్ని శుష్కింపజేసినా ఫలితం లేకపోగా, భోగానికీ దేహపీడనకూ నడుమనున్న మధ్యమ మార్గాన్ని ఎంచుకొన్నాడు. 35వ ఏట బోధివృక్షం క్రింద జ్ఞానోదయం పొందాడు. సారనాథ్ మృగదావంలో ఐదుగురు శిష్యులకు తొలిసారి ఉపదేశించాడు. 80వ ఏట కుశినగరంలో పరినిర్వాణం చెందాడు. తనను దేవుడిగా కొలువమని ఆయన చెప్పలేదు.

నాలుగు సత్యాలు, ఎనిమిది అంగాలు

రోగం, దాని కారణం, స్వస్థత, చికిత్స అన్న వైద్యుని క్రమంలోనే ఈ బోధ సాగుతుంది. జీవితంలో దుఃఖమున్నది. దానికి కారణం తృష్ణ. తృష్ణ నశిస్తే దుఃఖం నశిస్తుంది. అందుకు మార్గమున్నది. ఆ మార్గమే అష్టాంగ మార్గం: సమ్యక్ దృష్టి, సంకల్పం, వాక్కు, కర్మ, జీవనోపాధి, ప్రయత్నం, స్మృతి, సమాధి. గృహస్థులకు పంచశీలం విధించబడింది: ప్రాణిహింస, దొంగతనం, కామదుర్వర్తన, అసత్యం, మత్తుపానీయాలు - ఈ ఐదింటినీ వర్జించాలి. బుద్ధుని, ధర్మాన్ని, సంఘాన్ని శరణు పొందడమే ఆ మార్గానికి ప్రవేశం.

పడుగు పేకల విచారం

ఇంతవరకు మనకు ఇబ్బంది లేదు. కర్మఫలం, పునర్జన్మ, అహింస మనకూ అంగీకారమే. భేదం ఆత్మ దగ్గర వస్తుంది. దానిని దాచిపెట్టడం పండితధర్మం కాదు.

చీరాల వాసులకు మగ్గాన్ని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. పడుగు, పేక విడివిడిగా తీసివేస్తే వస్త్రమని చెప్పదగినది ఏమి మిగులుతుంది? దేహం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాల కూర్పునే మనం 'నేను' అంటున్నామని, వాటికి వేరుగా నిత్యమైన ఆత్మ లేదని బౌద్ధులంటారు. ఒక దీపం నుండి మరొక దీపం వెలిగినట్లు పునర్జన్మ కలుగుతుందే తప్ప, ఒక దేహం విడిచి మరొకటి చేరే ఆత్మ అంటూ లేదని వారి సిద్ధాంతం.

బృహదారణ్యకోపనిషత్తులో గార్గి కూడ నేతమాటలతోనే ప్రశ్నించింది: ఈ సమస్తం దేనియందు పడుగు పేకలుగా అల్లబడి ఉన్నది? యాజ్ఞవల్క్యుడు చివరకు అక్షరమనే నాశరహిత తత్త్వాన్ని చూపించాడు. వస్త్రాన్ని విప్పి చూసి, దానికి ఆధారమైన నిత్యవస్తువును ఉపనిషత్తు చెప్పగా, పట్టుకొని వేలాడదగిన నిత్యవస్తువేదీ లేదని బుద్ధుడు చెప్పాడు. వేదప్రామాణ్యాన్ని, యజ్ఞంలో పశువధను ఆయన అంగీకరించలేదు. పుట్టుకచేత గాక నడవడిచేతనే బ్రాహ్మణత్వమని బోధించాడు.

ఈ భేదాలను తుడిచివేసి ఆయన మనవాడే అనడం సులభం. పరాయివాడని పక్కన పెట్టడం ఇంకా సులభం. రెండూ ఆయనను వినకుండా చేసే ఉపాయాలే. వేదాంతి ఆత్మను నమ్ముతూనే, 'నేను, నాది' అన్న పిడికిలి తాను ఎంత సడలించాడో బుద్ధుని ప్రశ్న ముందు నిలిచి పరీక్షించుకోవచ్చు. ఆ పరీక్షకు ఏ మతమూ అడ్డురాదు.

వైశాఖ పూర్ణిమ బుద్ధుని జన్మ, జ్ఞానోదయ, పరినిర్వాణాలకు పుణ్యతిథి. ఆనాడు పిల్లలను వెంటబెట్టుకొని భట్టిప్రోలు వెళ్లి, ఆ స్తూపాన్ని చూపి, నాలుగు సత్యాలను నాలుగు మాటలలో చెప్పండి. మన పెద్దలు ధాతువును భద్రపరచారు. బోధను భద్రపరచవలసినది మనం.